పాత కిరాయిదారు వదిలేసిన ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఎవరివి? ఓనర్ అడ్వాన్స్‌లో కోస్తానంటున్నారు

మణికొండ_కిరాయి

నమస్తే అందరికీ. పోస్టు కాస్త పొడుగు, తప్పదు.

మేం మణికొండలో ఒక అపార్ట్‌మెంట్‌లో 2024 జూన్ నుంచి అద్దెకుంటున్నాం. దిగే నాటికే ఇంట్లో డబుల్ డోర్ ఫ్రిజ్ ఒకటి, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ ఒకటి, వెనక బాల్కనీలో రెండు ఖాళీ గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి. మాకు ముందున్నవాళ్లు అమెరికా వెళ్తూ వదిలేశారట. "ఉండనివ్వండి, పనికొస్తే వాడుకోండి" అన్నారు ఓనర్ గారు. నోటిమాటే. అగ్రిమెంట్‌లో ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, రెండు గీజర్లు, చిమ్నీ రాసి ఉన్నాయి. ఫ్రిజ్ ఊసు గానీ మెషిన్ ఊసు గానీ లేదు.

మాకు సొంత ఫ్రిజ్ ఉంది కాబట్టి వాళ్లది ప్లగ్ తీసి మూలకు జరిపాం. మెషిన్ మాత్రం వాడుకున్నాం. ఈమధ్య అది తిరిగేటప్పుడు లారీ వెళ్లినంత చప్పుడు. మెకానిక్ చూసి డ్రమ్ము బేరింగ్ పోయింది, దీని మీద డబ్బు పెట్టొద్దన్నాడు. వచ్చే నెల మేం ఎలాగూ ఖాళీ చేస్తున్నాం (సొంత ఫ్లాట్, అమీన్‌పూర్). ఆ సంగతి చెప్పడానికి ఓనర్‌కి ఫోన్ చేస్తే, "మెషిన్ ఇంటి సామాను, బాగు చేయించి అప్పజెప్పండి, లేదంటే అడ్వాన్స్‌లో 15 వేలు కోస్తా" అన్నారు.

ఇది చాలదన్నట్టు, అదే వారంలో ఒకతను వచ్చి "మీకు ముందున్నది మా అన్నయ్యే. ఫ్రిజ్ మాది, పట్టుకెళ్తాను" అంటాడు. వాచ్‌మన్‌కి అతను తెలుసు. నేను ఇవ్వలేదు, తర్వాత రమ్మన్నాను.

ఇంతకీ ఈ రెండూ ఎవరివి? ఓనర్ అలా కోయొచ్చా? ఫ్రిజ్ ఇచ్చేస్తే రేపు ఓనర్ నా మీద పడతారా?

కోడిపులావ్_రాజా

ఫ్రిజ్ ఒక్కటి, హక్కుదారులు ముగ్గురు. లోపల ఏమైనా ఉందేమో చూశారా?

మణికొండ_కిరాయి

ఐస్ ట్రే, సగం వాడిన ఆవకాయ సీసా. సీసా పారేశాం. దానిక్కూడా క్లెయిమ్ వస్తే చెప్తాను.

ఓనరమ్మ_కూకట్‌పల్లి

నావి రెండు పోర్షన్లు అద్దెకిస్తాను కాబట్టి ఇటువైపు మాట కూడా వినండి. ఖాళీ చేసేవాళ్లు పనికొచ్చేవన్నీ ప్యాకర్స్ లారీ ఎక్కించేస్తారు. పనికిరాని మంచం, చిరిగిన పరుపు, కంప్రెసర్ పోయిన ఫ్రిజ్ మాత్రం "ఉంచుకోండి ఆంటీ" అని ప్రేమగా నాకు వదిలి వెళ్తారు. ఆ పరుపు కిందకి దింపడానికి మనుషులకి డబ్బులిచ్చింది నేను. తాళం చెవులు నా చేతికిచ్చి, అడ్వాన్స్ లెక్క తేల్చుకుని వెళ్లిపోయారంటే లోపల మిగిలింది ఇంటిదే. మీ ఓనర్ అడగడంలో నాకైతే తప్పు కనిపించలేదు.

బెజవాడ_ఎండ

పరుపు ఇంటిదే అన్నారు కదా, మరి దింపించడానికి డబ్బులిచ్చానని బాధెందుకండీ?

ఓనరమ్మ_కూకట్‌పల్లి

మీరూ ఒక ఇల్లు కట్టి అద్దెకివ్వండి బాబూ, అప్పుడు మాట్లాడుకుందాం.

లా_పాయింట్

సివిల్ కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తాను. ఇది సలహా కాదు, అవగాహన కోసం.

"వదిలేస్తే ఇంటిదే" అనే సూత్రం మన చట్టంలో లేదు. ఒక వస్తువు చేతులు మారాలంటే అమ్మాలి, లేదా ఇవ్వాలి, లేదా హక్కు వదులుకుంటున్నానని యజమాని మాటతోనో చేతతోనో తేటగా కనబరచాలి. మరిచిపోవడం, తర్వాత తీసుకెళ్తాననుకోవడం హక్కు వదులుకోవడం కిందికి రావు. పనికిరాని పరుపు వదిలితే వదులుకున్నాడనే అనుకోవచ్చు. నడుస్తున్న డబుల్ డోర్ ఫ్రిజ్‌ని ఊరికే వదులుకున్నాడని నమ్మించడం కష్టం.

"ఉంచుకోండి" అని నోటితో ఇచ్చినా చెల్లుతుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 123వ సెక్షన్ ప్రకారం చరాస్తిని కానుకగా ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వస్తువు అప్పగిస్తే చాలు. తీసుకున్నవాడు ఒప్పుకోవాలి, అంతే. కాబట్టి మొదట తేలాల్సింది ఒక్కటే: వెళ్లిన కిరాయిదారు ఓనర్‌తో ఏమన్నాడు? ఆయన ఇచ్చి ఉంటే మీ ఓనర్‌దే. ఇవ్వకపోతే మీ ఓనర్‌కి దాని మీద హక్కు రాదు. తనది కానిదాన్ని ఆయన మీకు ఇవ్వలేరు, అమ్మలేరు. అమ్మినా కొన్నవాడికి మంచి హక్కు రాదు, 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 27వ సెక్షన్ చెప్పేది అదే. దానికి మినహాయింపులున్నాయి, మీకు వర్తించేవి కావు.

గోడకి బిగించిన వాటి సంగతి వేరు. అదే ఆస్తి బదిలీ చట్టం 108(హెచ్) ప్రకారం కిరాయిదారు తాను బిగించుకున్నవి ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకూ ఊడదీసుకోవచ్చు, ఇంటిని దిగినప్పుడున్న స్థితిలో అప్పజెప్పాలి. స్వాధీనం ఇచ్చేశాక ఆ హక్కు ఉండదు. ఫ్రిజ్, మెషిన్ ప్లగ్‌తో నడిచేవి, నేలకీ గోడకీ అతికినవి కావు. వాటికి ఈ గడువు వర్తించదు.

పాత కిరాయిదారు నంబర్ సంపాదించండి. తమ్ముడి మాట మీద ఏమీ ఇవ్వొద్దు.

గోదారి_గట్టు

లాయరు గారు చెప్పింది బానే ఉందండి. నాకో సందేహం. మీరు ఇల్లు వెతికేటప్పుడు యాప్‌లో ప్రకటన చూసే కదండీ వెళ్లుంటారు? అందులో ఏమని రాశారు? "సెమీ ఫర్నిష్డ్" అని వేశారా? ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి. అగ్రిమెంట్‌లో లేని మాటలు ప్రకటనలో చాలా ఉంటాయండి.

మణికొండ_కిరాయి

మంచి పాయింటండీ. అప్పట్లో లింకులన్నీ మా ఆవిడకి పంపేవాణ్ని, వెతికి చెప్తాను.

స్పానర్_సత్తి

అన్నా, నేను ఫ్రిజ్‌లు మెషిన్లు బాగుజేసే పనిల ఉన్న. మణికొండ, పుప్పాలగూడ దిక్కు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు మస్తు ఉప్పు. గీజర్ ఎలిమెంట్లు, మెషిన్ హీటర్లు తెల్లగ సున్నం గట్టి పోతయి. బేరింగ్ పోయిందంటే టబ్బు వెనక రబ్బరు సీల్ అరిగి నీళ్లు బేరింగ్‌లకు దిగినయన్నట్టు. ఏండ్లు నడిస్తే అయ్యేదే. వాడెటోడు తప్పు జేస్తెనే పోతదని లేదు. రోజు రోజు ఎక్కువ బట్టలు కుక్కితె మాత్రం జల్ది పోతది, అదొక్కటి నిజం.

కొన్ని మోడళ్లల్ల టబ్బు రెండు ముక్కలు అంటిచ్చి వస్తది. వాట్ల బేరింగ్ ఒక్కటే మార్చరాదు, టబ్బు మొత్తం మార్చాలె. మీ మెకానిక్ పైసలు పెట్టొద్దన్నడంటే గదే అయ్యుంటది.

ఇంకో ముచ్చట. ఫ్రిజ్ లోపల గానీ వెనక గానీ స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటది. కొన్నప్పుడు ఏ ఫోన్ నంబర్ మీద రిజిస్టర్ జేసిండ్రో కంపెనీ కస్టమర్ కేర్ల దొరుకుతది. వాళ్లు మీకు చెప్పరు, కొన్నోనికి చెప్తరు. ఆ తమ్ముణ్ని "బిల్లు జూపియ్, లేకుంటే మీ అన్న నంబర్ మీద కంప్లెయింట్ హిస్టరీ జూపియ్" అనుండ్రి. అసలోడు ఐతె చిటికెల తెస్తడు.

ఓనరమ్మ_కూకట్‌పల్లి

లాయర్ గారూ, ఒక్క మాట. ఇచ్చాడో మరిచాడో తేలేదాకా ఆ సామాను నేనెక్కడ పెట్టుకోవాలి? కొత్తవాళ్లు రేపు దిగుతామంటారు. "రేపొస్తా" అన్న మనిషి ఆరు నెలలైనా ఫోన్ ఎత్తడు. నా పోర్షన్ ఏమైనా గోడౌనా?

లా_పాయింట్

న్యాయమైన ప్రశ్న. ఇంకొకరి వస్తువు దొరికి దాన్ని తన దగ్గర పెట్టుకున్నవాడికి, కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 71వ సెక్షన్ ప్రకారం ఒక బాధ్యత పడుతుంది. తన సొంత సామానును మామూలు మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. 168 ప్రకారం దాన్ని భద్రపరచడానికి, యజమానిని వెతకడానికి అయిన ఖర్చు కోసం దావా వేయలేరు గానీ, ఆ ఖర్చు ఇచ్చేదాకా వస్తువు అట్టే పెట్టుకోవచ్చు. 169 ప్రకారం కొన్ని సందర్భాల్లో అమ్మొచ్చు కూడా. తగినంత వెతికినా యజమాని దొరకకపోవడం లేదా అడిగినా ఖర్చు ఇవ్వకపోవడం ఒకటి. దానికి తోడు వస్తువు పాడైపోయే లేదా విలువ చాలావరకు పోయే ప్రమాదమైనా ఉండాలి, లేదా అయిన ఖర్చు వస్తువు విలువలో మూడింట రెండు వంతులకైనా చేరాలి.

మీ విషయంలో యజమాని ఎవరో మీకు తెలుసు కాబట్టి ఈ సెక్షన్లు యథాతథంగా అతుకుతాయా అని వాదించేవాళ్లు ఉంటారు. కోర్టు చూసేది మాత్రం మీరు నిజాయితీగా నడుచుకున్నారా లేదా అన్నదే. కాబట్టి వాట్సాప్, ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు, ఏదో ఒక దాంట్లో రాతపూర్వకంగా "ఫలానా తేదీలోగా తీసుకెళ్లండి, లేదంటే అమ్మి ఖర్చు మినహాయించుకుంటాను" అని గడువు పెట్టండి. ఫొటోలు, వీడియో తీసి ఉంచండి. ఇలా చేసిన ఓనర్ మీద కేసు నిలబడటం కష్టం. అడక్కుండా అమ్మేసి డబ్బు జేబులో వేసుకుంటే మాత్రం సివిల్‌తో ఆగకపోవచ్చు. భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 403, ఇతరుల చరాస్తిని దురుద్దేశంతో సొంతం చేసుకోవడం గురించే. పోయిన వస్తువు కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది, ఎప్పటినుంచి లెక్కన్నది సందర్భాన్ని బట్టి.

ఓనరమ్మ_కూకట్‌పల్లి

ఈ మాట ముందే ఎవరైనా చెప్పుంటే అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే రాయించుకునేదాన్ని. సరే, నోట్ చేసుకున్నాను.

సిలిండర్_బాబాయ్

అందరూ ఫ్రిజ్ ఫ్రిజ్ అంటున్నారు, బాల్కనీలో ఉన్నవాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను గ్యాస్ ఏజెన్సీలో చేసి రిటైరయ్యాను.

ఆ రెండు సిలిండర్లూ పాత కిరాయిదారువీ కావు, ఓనర్‌వీ కావు. సిలిండరు, రెగ్యులేటరు ఎప్పుడూ ఆయిల్ కంపెనీ ఆస్తే. కస్టమర్ కట్టేది డిపాజిట్. 2022 జూన్‌లో 14.2 కిలోల సిలిండర్ డిపాజిట్ 1,450 నుంచి 2,200 రూపాయలకి, రెగ్యులేటర్‌ది 150 నుంచి 250కి పెంచారు. అంతకుముందు కనెక్షన్ తీసుకున్నవాళ్లకి అప్పుడు కట్టినంతే వెనక్కి వస్తుంది. ఊరు మారేవాళ్లు సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో అప్పజెప్పి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోవాలి. ఆ వోచర్ కొత్త ఊళ్లో చూపిస్తే అక్కడ కనెక్షన్ ఇస్తారు. విదేశాలకి వెళ్లేవాళ్లు సరెండర్ చేసి డిపాజిట్ వెనక్కి తీసుకోవచ్చు. చాలామంది ఈ ఓపిక లేక బాల్కనీలో వదిలేసి విమానం ఎక్కేస్తారు.

మీ పేరున లేని సిలిండర్ ఇంట్లో పెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం. అమ్మడం ఇంకా విరుద్ధం. పాత సామాన్లవాడికి అసలే ఇవ్వొద్దు. ఆ పాతాయన కనెక్షన్ నంబర్ కనుక్కుని ఏజెన్సీకి చెప్పండి. స్టవ్వు, లైటరు మాత్రం కొన్నవాళ్లవే.

మణికొండ_కిరాయి

బాబాయ్ గారూ, వాటి మీద మా అమ్మ తులసి కుండీలు పెట్టింది. రేపే దించేస్తాను.

బ్యాచిలర్_గచ్చిబౌలి

నాకు జరిగింది చెప్తా. నలుగురం ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఒకడు పుణె వెళ్లిపోతూ "ఫ్రిజ్ మీకే మామా" అన్నాడు. కొన్నాళ్లకి ఇద్దరు మనుషులు ట్రాలీ ఆటోతో వచ్చారు. ఆ ఫ్రిజ్ నెలకింత అని అద్దెకిచ్చే కంపెనీదట! మావాడు అద్దె కట్టడం ఆపేశాడు, చిరునామా మాత్రం మాదే. లోపలి పెరుగు గిన్నె తీసుకోమని టైమిచ్చి పట్టుకుపోయారు. "మీకే మామా" అన్నవాడికే అది సొంతం కాదు. ఈఎంఐ మీద కొన్న టీవీ వదిలివెళ్లిన కేసు కూడా పక్క ఫ్లాట్‌లో చూశా. అక్కడ రికవరీ వాళ్లు వాడెక్కడున్నాడని వీళ్లకి ఫోన్లు చేసేవాళ్లు.

కోడిపులావ్_రాజా

వైఫై రూటర్, సెట్‌టాప్ బాక్స్ కూడా చూసుకోండి. మా ఇంట్లో పాతవాళ్ల రూటర్ కోసం కంపెనీ కుర్రాడు వచ్చాడు. అప్పటిదాకా అది ఇంటితో పాటు వచ్చిందనే అనుకున్నాం.

క్రాయిడన్_కాకినాడ

మేం లండన్ పక్కన ఉంటాం. ఇక్కడ దిగేటప్పుడే ఇన్వెంటరీ అని చెంచాలతో సహా రాస్తారు, ఫొటోలు పెడతారు, ఇద్దరూ సంతకం చేస్తారు. ఖాళీ చేసేటప్పుడు దాన్నే పక్కన పెట్టుకుని చూస్తారు. డిపాజిట్‌ని ప్రభుత్వం ఆమోదించిన స్కీములో 30 రోజుల్లోగా నమోదు చేయాలి. 2007 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ స్కీములు ఉన్నాయి. గొడవొస్తే ఆ స్కీము వాళ్లే మధ్యవర్తిత్వం చేస్తారు.

అయినా గొడవలు తప్పవు. నీళ్ల పైపులు, బాయిలర్, కరెంటు వైరింగ్ రిపేర్లు చట్టం ప్రకారం ఓనర్ చేయించాలి. వాషింగ్ మెషిన్ లాంటి ఉపకరణాలు ఆ చట్టంలోకి రావు. దాంతో కొందరు ఏజెంట్లు "అది పాత టెనెంట్ వదిలేసింది, మాది కాదు, చెడిపోతే మాకు సంబంధం లేదు" అని లీజులోనే రాసేస్తారు. మరి పారేస్తానంటే "ఆగండి, ఓనర్‌ని అడగాలి" అంటారు! పాతవాళ్ల సామాను అమ్మాలంటే మాత్రం 1977 నాటి చట్టం ప్రకారం నోటీసిచ్చి, గడువిచ్చి, అమ్మాక ఖర్చులు పోను మిగిలింది వాళ్లకే ఇవ్వాలి.

శాన్‌హోసె_సీమోడు

కాలిఫోర్నియాలో లెక్క ఇంకా కచ్చితం. టెనెంట్ వదిలిన సామాను ఉంటే నోటీసు ఇవ్వాల, చేతికిస్తే 15 దినాలు, పోస్టులో పంపితే 18 దినాలు గడువు. ఎవరూ రాకుంటే, విలువ 700 డాలర్ల లోపనిపిస్తే ఓనర్ ఉంచుకోవచ్చు, అమ్మొచ్చు, పారేయొచ్చు. అంతకు మించితే బహిరంగ వేలం వేయాల.

ఇంకో విచిత్రం ఏమంటే, లాస్ ఏంజిలెస్ పక్క శానా అద్దె ఇళ్లలో ఫ్రిజ్ ఉండేదే కాదు. ఎవుడి ఫ్రిజ్ వాడు మోసుకుపోవాల, లేదా ఖాళీ చేసేవాడి దగ్గర కొనాల. 2026 జనవరి 1 నుంచి రాసే లీజుల్లో, మార్చే లేదా పొడిగించే లీజుల్లో కూడా, పనిచేసే స్టవ్వు, ఫ్రిజ్ ఓనరే ఇవ్వాలని చట్టం చేసినారు. ఇంగ ఆ ఫ్రిజ్ ఎవరిదని తగువు తగ్గుతాదేమో.

బెజవాడ_ఎండ

లండన్, అమెరికా సరే, మన దగ్గర ఈ 11 నెలల అగ్రిమెంట్ల తంతే అసలు సమస్య. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 నాటి చట్టం ఉంది కాబట్టి 11 నెలలు. జిరాక్స్ షాపులో దొరికే ఫార్మాట్‌లో పేర్లు మార్చి సంతకాలు. "ఫిట్టింగులు: ఉన్నవి ఉన్నట్టు" అని రాసినది కూడా చూశాను. ఉన్నవేంటో రాయరు. ఆంధ్రాలో 2017లో కొత్త అద్దె చట్టం చేశారు, కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ యాక్ట్ తెచ్చి ఇళ్లకి డిపాజిట్ రెండు నెలల అద్దె మించొద్దంది. మా వీధిలో వాటి పేరు విన్న ఓనర్ ఒక్కరు కనపడలేదు.

మణికొండ_కిరాయి

అప్‌డేట్. రెండు సంగతులు.

ఒకటి: పాత కిరాయిదారు దొరికారు. వాట్సాప్ నంబర్ అదే ఉంది, మర్యాదగా మాట్లాడారు. 2024 మేలో ఖాళీ చేస్తూ ఓనర్‌తో చేసిన చాట్ స్క్రీన్‌షాట్ పంపారు. "సర్, పెయింటింగ్ ఛార్జీలకి బదులు వాషింగ్ మెషిన్ ఉంచేస్తాను. ఫ్రిజ్ తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చాక పట్టుకెళ్తాడు" అని ఈయన రాశారు. కింద ఓనర్ బొటనవేలు గుర్తు, "ఓకే" అని. అంటే మెషిన్ ఓనర్‌దే అయిందన్నమాట, ఫ్రిజ్ మాత్రం ఇంకా వాళ్లదే. తమ్ముడు ఇప్పుడు హైదరాబాద్‌కి మారాడట. సిలిండర్ల కనెక్షన్ నంబర్ కూడా ఇచ్చారు.

రెండు: గోదారి గారు అడిగిన ప్రకటన మా ఆవిడ ఫోన్లో దొరికింది. "సెమీ ఫర్నిష్డ్. ఫ్రిజ్: ఉంది. వాషింగ్ మెషిన్: ఉంది." ఫొటోల్లో రెండూ కనిపిస్తున్నాయి.

ఓనరమ్మ_కూకట్‌పల్లి

చూశారా, మెషిన్ ఓనర్‌దే! పెయింటింగ్ డబ్బులు వదులుకుని తీసుకున్నాడు. అది మీరు ఊరికే వాడుకుని, పాడయ్యాక తీసుకెళ్లమంటే ఆయనకి మండదా?

గోదారి_గట్టు

మండుద్దండి, కానీ పక్క వాళ్ల ఫ్రిజ్ తన ప్రకటనలో వేసుకున్నది కూడా ఆయనే కదండీ. "ఉంది" అని చూపించి అద్దె మాట్లాడాక, అది అద్దెలో భాగం కాకుండా ఎలా పోద్ది? ఊరికే వాడుకోలేదు, నెలనెలా అద్దె కట్టి వాడుకున్నారు. మిక్సీ జార్ పగలగొట్టినట్టు పగలగొడితే వేరే మాట. అరిగిపోయినదానికి కొత్తదాని ధర అడిగితే ఎలాగండీ?

లా_పాయింట్

ఈ చాట్‌తో లెక్క మారింది. మెషిన్ విషయంలో ఓనర్ హక్కు గట్టిది: డబ్బుకి బదులుగా తీసుకున్నాడు, వస్తువు అప్పగింత జరిగింది. కాబట్టి దాన్ని మీరు తుక్కుకి వేయడం, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వడం కుదరదు.

15 వేలు మాత్రం వేరే ప్రశ్న. మెషిన్ అద్దెలో భాగమని ప్రకటన ఆధారంగా వాదిస్తే, సహజమైన అరుగుదలకి కిరాయిదారు బాధ్యుడు కాడు, 108(ఎం)లో ఆ మినహాయింపు ఉంది. కాదు, ఉచితంగా వాడుకోనిచ్చానని ఆయన అంటే, అప్పుడు కాంట్రాక్ట్ చట్టం 151, 152 వస్తాయి. మామూలు జాగ్రత్తతో వాడినవాడు పాడైపోయినదానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎటుపోయినా మీరు మోటుగా వాడారని తేలితే తప్ప ఆయనకి దారి లేదు. మెకానిక్‌తో బేరింగ్ అరుగుదల వల్లే పోయిందని, మెషిన్ తయారీ సంవత్సరంతో సహా, రెండు వాక్యాలు బిల్లు మీద రాయించుకోండి.

ఫ్రిజ్: అన్నయ్య నుంచి మీకు, ఓనర్‌కి ఇద్దరికీ ఒకే మెసేజ్ పెట్టించండి, "నా ఫ్రిజ్‌ని తమ్ముడికి అప్పగించండి" అని, సీరియల్ నంబర్‌తో. ఇచ్చేటప్పుడు ఫొటో, తమ్ముడి సంతకం తీసుకోండి. ఓనర్ అభ్యంతరం చెప్తే మీరు మధ్యలో నిలబడొద్దు, వాళ్లిద్దరూ తేల్చుకునేదాకా ఫ్రిజ్ ఉన్నచోటే ఉంచండి.

స్పానర్_సత్తి

రాసిస్త అన్నా, ఆటో చార్జీ ఇస్తె సాలు. ఫ్రిజ్ తీస్కపొయ్యేటోనికి ఒక మాట జెప్పుండ్రి, పండవెట్టి తీస్కపోవద్దని. నిలవెట్టే తీస్కపోవాలె. పండవెడితె కంప్రెసర్ల ఆయిల్ పైపులల్లకు వస్తది, కొన్ని గంటలు నిలవెట్టి అప్పుడు ప్లగ్ వెట్టాలె. ఇన్ని నెలలు మూసివెట్టిండ్రు కదా, డోరు గ్యాస్కెట్‌కు నల్ల బూజు వట్టుంటది, సోడా నీళ్లతోని తుడవమనుండ్రి.

అద్దె_అనుభవి

కొంచెం పక్కకి వెళ్తున్నా. నేను నా డబ్బుతో స్ప్లిట్ ఏసీ పెట్టించుకున్నాను. ఓనర్ "గోడకి బొక్క పెట్టారు, ఏసీ ఇక్కడే ఉండాలి" అంటున్నారు. నిజమా?

లా_పాయింట్

కాదు. తాళాలు ఇచ్చే ముందే తీయించుకోండి, బొక్క పూడ్పించి రంగు వేయించండి. తాళాలిచ్చాక వాదన మొదలుపెట్టొద్దు.

స్పానర్_సత్తి

గ్యాస్ పంప్ డౌన్ (గ్యాస్‌ను బయటి యూనిట్లకు గుంజుడు) జేపిచ్చి తీపియ్యాలె. రెంచి పట్టుకొని ఎవరంటె వాళ్లు ఇప్పితె గ్యాస్ మొత్తం గాలిల కలుస్తది.

మణికొండ_కిరాయి

ఇంకో అప్‌డేట్. అన్నయ్య మెసేజ్ పెట్టారు, ఓనర్ దానికి ఏమీ అనలేదు, చూసినట్టు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. మళ్లీ నేను "రేపు సాయంత్రం ఫ్రిజ్ అప్పగిస్తున్నాను, అభ్యంతరం ఉంటే ఈలోగా చెప్పండి" అని పెట్టాను. "సరే" అన్నారు. తమ్ముడు బిల్లు ఫొటోతో వచ్చి, సంతకం పెట్టి, నిలబెట్టే పట్టుకెళ్లాడు. సిలిండర్లు కూడా అతనితోనే ఏజెన్సీకి పంపాను.

మెషిన్ సంగతి: ప్రకటన స్క్రీన్‌షాట్, సత్తి అన్న రాసిచ్చిన కాగితం రెండూ పంపాక 15 వేలు కాస్తా 3 వేలైంది. "మెషిన్ అలాగే వదిలేయండి, మూడు వేలు కోసి మిగిలింది ఇచ్చేస్తా" అంటున్నారు. ఒప్పుకోవాలా?

బెజవాడ_ఎండ

ఒప్పుకోవద్దు. సూత్రం సూత్రమే.

గోదారి_గట్టు

సూత్రం మీదేనండి, కోర్టు చుట్టూ తిరగాల్సింది ఆ కిరాయి ఆయనండి. సున్నా అని అడిగి చూడండి, వెయ్యికి తెగుద్ది.

లా_పాయింట్

మూడు వేలకి నోటీసు, వకాలత్ అంటే ఖర్చే ఎక్కువ. పట్టుబట్టాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే అర్జీ పెట్టుకోవచ్చు, లోక్ అదాలత్‌కి కోర్టు ఫీజు ఉండదు. ఏది ఒప్పుకున్నా, మెషిన్ ఏ స్థితిలో అప్పజెప్పారో ఒక వీడియో తీసి ఆయనకే పంపండి. అడ్వాన్స్ బ్యాంకు ఖాతాకి వేయమనండి, చేతికొద్దు.

ఓనరమ్మ_కూకట్‌పల్లి

నేనైతే ఆ మూడు వేలు కూడా అడగను, కానీ కొత్తగా దిగేవాళ్ల ప్రకటనలో "వాషింగ్ మెషిన్: ఉంది" అని మళ్లీ వేస్తారేమో మీ ఓనర్, అది చూడండి.

స్పానర్_సత్తి

అన్నా, మీ ఓనర్ నంబర్ ఉంటె నాకు పర్సనల్‌ల పెట్టు. మోటర్, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) బానే ఉన్నయి అందుల. అమ్ముతడేమో అడుగుత.